సీసా సరే, దాని లెక్కేదీ?

తాగి పారేసే నీళ్ల సీసా ఒకటి తీసుకోండి. కత్తెరతో సీసా ఒంటి నుంచి ఒక ముక్క, మూత నుంచి ఒక ముక్క కత్తిరించి బకెట్ నీళ్లలో వేయండి. సీసా ముక్క అడుక్కి పోతుంది, మూత ముక్క పైన తేలుతుంది. రెండూ తేలాయంటే సీసా ముక్కకు గాలి బుడగలు అంటుకున్నాయన్నమాట. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, వేలితో ముంచి వదలండి, దారికొస్తుంది. సీసా పెట్ ప్లాస్టిక్, దాని సాంద్రత 1.38. మూత పాలీప్రొపిలీన్ గానీ హెచ్‌డీపీఈ గానీ అయి ఉంటుంది, రెండూ నీటికన్నా తేలికే. రోజూ టన్నులకొద్దీ సీసాలను రీసైకిల్ చేసే ఫ్యాక్టరీల్లో మూతలను వేరుచేసేది కూడా ఈ సూత్రమే. బకెట్ బదులు పొడవాటి నీళ్ల తొట్టి ఉంటుంది, అంతే.

ఒక కెరీర్ కౌన్సెలింగ్‌లో ఈ ప్రయోగం చేసి చూపిస్తే వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచాడు. "మావాణ్ని బీటెక్ చదివించింది చెత్త ఏరడానికా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, ఫీజులు కట్టింది ఆయన. చెత్త ఏరేవాళ్లు ఎప్పటినుంచో ఏరుతూనే ఉన్నారు, ఏది అమ్ముడుపోతుందో వాళ్లకు తెలిసినంతగా మన ఇంజినీర్లకు తెలియదు. ఇప్పుడు కావలసింది వాళ్లు ఏరిన సరుకు ఎక్కడిదో, ఎంతో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో పైసా తేడా రాకుండా లెక్క చూపగలిగే మనిషి. ఆ లెక్క ఉంటే సరుకుకు మంచి ధర పలుకుతుంది, లేకపోతే అది మామూలు స్క్రాప్.

ఈ వ్యాపారంలో మీకు తరచూ వినిపించే మాట 'ఓషన్ బౌండ్ ప్లాస్టిక్'. సముద్రంలో తేలుతున్నది కాదు, సముద్రం దారి పట్టినది. అమెరికాకు చెందిన జెన్నా జాంబెక్ బృందం 2015లో 'సైన్స్' పత్రికలో ఒక అంచనా ప్రచురించింది. 2010 ఒక్క ఏడాదిలోనే 48 లక్షల నుంచి 1.27 కోట్ల టన్నుల ప్లాస్టిక్ నేల మీద నుంచి సముద్రంలోకి చేరి ఉంటుందని లెక్కకట్టింది. తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు ఉండే జనం చెత్తను ఆధారం చేసుకున్న లెక్క అది. ఆ 50 కిలోమీటర్లే తర్వాత వ్యాపారంలోనూ గీత అయింది. చెత్త సేకరణ సరిగా లేని చోట, తీరానికి 50 కిలోమీటర్ల లోపు దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్న ప్లాస్టిక్‌కు సాధారణంగా ఆ పేరు పెడతారు. అంటే మచిలీపట్నం శివార్లలో కాలువ గట్టున దొరికిన సీసాకు ఆ పేరు దక్కొచ్చు. హైదరాబాద్‌లో రోడ్డు పక్కన దొరికిన అదే కంపెనీ సీసా ఈ గీతకు బయటే. రెండు సీసాలనూ పక్కపక్కన పెడితే తేడా బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చెప్పగలిగేది కాగితం ఒక్కటే.

ఆ కాగితానికి నియమాలు కావాలి. ఫ్రాన్స్‌కు చెందిన జీరో ప్లాస్టిక్ ఓషన్స్ అనే స్వచ్ఛంద సంస్థ, కంట్రోల్ యూనియన్ అనే తనిఖీ సంస్థతో కలిసి 2020లో ఓషన్ బౌండ్ ప్లాస్టిక్ సర్టిఫికేషన్ తెచ్చింది. అందులో రీసైకిల్ అయ్యే సరుకుకు ఒక ప్రమాణం ఉంది. ఎవరూ కొనని చిప్స్ ప్యాకెట్ల లాంటి వాటిని సేకరించి సరైన చోటికి చేర్చినందుకు మరో ప్రమాణం ఉంది. బట్టల రంగంలో టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ వాళ్ల గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ ఎక్కువగా వాడతారు. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఈ రెండు పేర్ల మీదైనా ఒక పూట కూర్చుని చదవండి.

ఊళ్లో పాలకేంద్రం చూసినవాళ్లకు ఈ పని సగం తెలిసినట్టే. తెల్లవారుజామున ఒక్కొక్కరు పాలు తెచ్చి పోస్తారు. కొలత చూస్తారు, వెన్న శాతం చూస్తారు, పుస్తకంలో రాస్తారు. తర్వాత అందరి పాలూ ఒకే క్యానులో కలిసిపోతాయి. పట్నంలో ప్యాకెట్ మీద ఏ గేదె పాలో రాసి ఉండదు. కానీ ఏదైనా తేడా వస్తే ప్యాకెట్ నుంచి బ్యాచ్‌కి, బ్యాచ్ నుంచి ట్యాంకర్‌కి, ట్యాంకర్ నుంచి కేంద్రానికి వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు. ప్లాస్టిక్‌లోనూ అంతే. ఏరినవాళ్ల పేరు, ఊరు, బరువు, ఇచ్చిన డబ్బు, తేదీ సేకరణ కేంద్రంలో రాస్తారు. సరుకును నొక్కి బేల్, అంటే మూట, కట్టాక దానికి నంబరు. లారీ ఎక్కించేటప్పుడు వేబ్రిడ్జి చీటీ, ఈ-వే బిల్లు. కడిగి ముక్కలు చేశాక లాట్ నంబరు. పాలల్లో నీళ్లు కలిపేవాడిలాగే ఇక్కడా ఉంటాడు ఒకడు: ఫ్యాక్టరీ తుక్కునో, దూరప్రాంతపు సరుకునో తీర ప్రాంతపు సరుకులో కలిపేవాడు. అతన్ని పట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమే.

ఎలా పట్టుకుంటారు? ఒక ఉదాహరణ అనుకుందాం. ఫ్యాక్టరీకి 10,000 కిలోల సీసాల బేళ్లు వచ్చాయి. వేడినీళ్లు, కాస్టిక్ సోడాతో కడిగాక 7,200 కిలోల పెట్ ఫ్లేక్స్ (ముక్కలు) వచ్చాయి. మూతలు, రింగులు 750 కిలోలు. వేరే రకం ప్లాస్టిక్ అని ఏరి పక్కన పెట్టినది 900 కిలోలు. ఇసుక, తేమ, లేబుళ్లు కలిపి 1,150. కూడండి, సరిగ్గా 10,000 వస్తుంది. ఈ నాలుగు పద్దులూ చూపించే పుస్తకాన్ని ఆడిటర్ నమ్ముతాడు. అదే 10,000 కిలోల బేళ్లకు 9,800 కిలోల ఫ్లేక్స్ వచ్చాయని రాస్తే పెన్ను కింద పెట్టి మిమ్మల్ని చూస్తాడు. తీరంలో ఏరిన సీసాలో ఇసుక లేకుండా ఎలా వచ్చిందండీ అని అడుగుతాడు. తర్వాత కరెంటు బిల్లు అడుగుతాడు, కాస్టిక్ సోడా కొన్న బిల్లులు అడుగుతాడు. ఉత్పత్తి రెండింతలై, కరెంటు, సోడా పెరగలేదంటే సరుకు కాగితం మీదే తయారైందన్నమాట. ఇలాంటి మోసం ఊహ కాదు. కంపెనీలు తాము అమ్మిన ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు బాధ్యత వహించాలన్న నిబంధన కింద రీసైక్లర్లు ఇచ్చే సర్టిఫికెట్లను 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే, లక్షల్లో నకిలీవి బయటపడ్డాయి.

అందుకే నేను బీకాం పిల్లలకు కూడా ఈ రంగం చెబుతాను. జీఎస్టీ, స్టాకు రిజిస్టరు, ఎక్సెల్ చేతికి అలవాటైనవాళ్లు ట్రేసబిలిటీ (సరుకు వచ్చిన దారి వెతకడం), డాక్యుమెంటేషన్ పనుల్లో త్వరగా కుదురుకుంటారు. సైన్స్ వాళ్లకు ల్యాబ్ ఉంది. పెట్ ఫ్లేక్స్‌లో పీవీసీ ముక్కలు ఎన్ని పాళ్లున్నాయో చూడటం అక్కడ ముఖ్యమైన పని. పీవీసీ కూడా నీళ్లలో మునుగుతుంది కాబట్టి తొట్టి దాన్ని ఆపలేదు. ప్లాస్టిక్ కరిగించే ఎక్స్‌ట్రూడర్‌లో 280 డిగ్రీల దగ్గర పెట్ చక్కగా కరుగుతుంటే, పీవీసీ మాడి నల్ల చుక్కలై ఆమ్లపు పొగ వదులుతుంది. వేడిచేసిన రాగితీగను ముక్కకు ఆనించి మంటలో పెడితే ఆకుపచ్చ మంట వస్తుంది, క్లోరిన్ ఉన్నట్టు గుర్తు. (ఇది ల్యాబ్‌లోనే. బకెట్ ప్రయోగంలా వంటింట్లో చేయకండి.)

చదువు సంగతి. ప్లాస్టిక్స్‌కు మన దగ్గర మంచి బడి సిపెట్. 1968లో చెన్నైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది, హైదరాబాద్‌లోనూ విజయవాడ దగ్గరా కేంద్రాలున్నాయి. పదో తరగతి తర్వాత మూడేళ్ల ప్లాస్టిక్స్ టెక్నాలజీ డిప్లొమా, బీఎస్సీ తర్వాత రెండేళ్ల ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్, టెస్టింగ్ పీజీ డిప్లొమా ఉన్నాయి. ప్రవేశం వాళ్ల అడ్మిషన్ టెస్టు ద్వారా. కెమికల్ ఇంజినీరింగ్, పర్యావరణ శాస్త్రం చదివినవాళ్లకు ప్రత్యేకంగా మరో డిగ్రీ అక్కర్లేదు. ఆడిటర్ కావాలనుకుంటే ముందు రెండు మూడేళ్లు ఫ్యాక్టరీలో బేళ్ల మధ్య తిరిగి, ఆ తర్వాత ఐఎస్ఓ 9001 లేదా 14001 లీడ్ ఆడిటర్ శిక్షణ తీసుకోండి. బేల్ విప్పితే వచ్చే కంపు తెలియని ఆడిటర్‌ను సూపర్‌వైజర్లు పది నిమిషాల్లో బోల్తా కొట్టిస్తారు. హిందీ మాట్లాడటం వస్తే ఇంకా మేలు, వేరుచేసే బెల్టు దగ్గర చాలాచోట్ల నడిచే భాష అదే.

మన ప్రాంతంలో చూడదగ్గ సంస్థలూ ఉన్నాయి. 2013లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన బాన్యన్ నేషన్, పాత సామాన్ల వ్యాపారులను మొబైల్ సాఫ్ట్‌వేర్‌తో కలుపుకుని షాంపూ సీసాలకు పనికొచ్చే ప్లాస్టిక్ తయారుచేస్తోంది. వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో గణేశా ఎకోస్ఫియర్ అనుబంధ సంస్థ పెట్ సీసాల నుంచి దారపు పీచు, గ్రాన్యూల్స్ చేస్తోంది. బెంగళూరులో ఏరిన ప్లాస్టిక్‌ను, ఏరేవారికి న్యాయమైన ధర దక్కేలా, సౌందర్య సాధనాల కంపెనీ ది బాడీ షాప్ 2019లో ప్లాస్టిక్స్ ఫర్ చేంజ్ అనే సంస్థ ద్వారా కొనడం మొదలుపెట్టింది. విశాఖ, కాకినాడ రేవుల్లో పారేసే నైలాన్ వలల మీద కూడా కన్నేసి ఉంచండి. నైలాన్-6ను రసాయనికంగా విడదీసి మళ్లీ కొత్త నూలుగా మార్చే పని ఇటలీకి చెందిన ఆక్వాఫిల్ కంపెనీ ఏళ్లుగా చేస్తోంది. మన తీరంలో ఆ గొలుసుకు మొదటి లంకె, అంటే వల సేకరించి లెక్క రాసే మనిషి, ఇంకా గట్టిగా తయారుకాలేదని నా అభిప్రాయం.

గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందంటే చట్టాల నుంచి. బ్రిటన్ 2022 ఏప్రిల్ నుంచి, 30 శాతం రీసైకిల్డ్ సరుకు లేని ప్లాస్టిక్ ప్యాకింగ్ మీద టన్నుకు 200 పౌండ్ల పన్నుతో మొదలుపెట్టింది. యూరప్ పెట్ సీసాల్లో 2025కి 25 శాతం, 2030కి 30 శాతం అంది. మన దేశంలో 2022 నిబంధనలు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో రీసైకిల్డ్ సరుకు 2025-26లో 30 శాతంతో మొదలై 2028-29 నాటికి 60 శాతానికి చేరాలన్నాయి.

చట్టం ఉన్నంత మాత్రాన అంతా పూలబాట అనుకోవద్దు. ముడిచమురు ధర పడిపోతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, పాత ప్లాస్టిక్ కొనేవాళ్లు మొహం చాటేస్తారు. అలాంటి నెలల్లో చిన్న రీసైక్లర్లు జీతాలకే తడుముకుంటారు. సర్టిఫికెట్ ఉందంటే బీచ్ శుభ్రమైపోయిందని కూడా కాదు. ఆ సరుకు ఫలానా చోట, పిల్లల చేత పని చేయించకుండా, లెక్కతో సేకరించారని మాత్రమే అది చెబుతుంది.

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా. జీతం మాట అయ్యాక ఇంకొకటి అడగండి: "పోయిన నెలలో లోపలికొచ్చిన బరువులో ఎంత శాతం తరుగు పోయింది సార్?" గోదాములో తిరిగే మేనేజరైతే వర్షాకాలం కాబట్టి తేమ ఎక్కువుందనో, ఫలానా లారీలో ఇసుక వచ్చిందనో అంకెతో సహా చెబుతాడు. "అదేముందమ్మా, ఆడిట్ టైముకి అకౌంట్స్ వాళ్లు సర్దేస్తారు" అంటే మాత్రం, ఆ సర్దే కుర్చీ మీకోసమే ఖాళీగా ఉంచారేమో చూసుకోండి.