రేణువులన్నీ సమానంగా పెరగాలంటే

పిల్లలూ! నారుమడిని ఎప్పుడైనా గమనించారా? మొలకెత్తిన విత్తనాన్ని ఒకే రోజు చల్లితే మొక్కలన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. ఇవాళ కొంత, వారం తర్వాత కొంత చల్లితే మడి ఎగుడుదిగుడుగా తయారవుతుంది. కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులను తయారుచేసే రసాయన శాస్త్రజ్ఞులకు కూడా ఇదే సమస్య ఎదురవుతుంది.

అంత చిన్న రేణువులు హెచ్చుతగ్గులుగా ఉంటే ఏం నష్టం? ఒక ఉదాహరణ చూద్దాం. రుమటాయిడ్ కీళ్లవాతాన్ని గుర్తించడానికి తోడ్పడే ఒక రక్తపరీక్షను 1956లో సింగర్, ప్లాట్జ్ అనే వైద్యులు రూపొందించారు. ప్రోటీన్ పూత పూసిన ప్లాస్టిక్ రేణువులున్న తెల్లని ద్రవంలో రోగి రక్తం నుంచి తీసిన సీరం కలుపుతారు. ఆ జబ్బుకు సంబంధించిన ప్రతిరక్షకాలు సీరంలో ఉంటే రేణువులు ఒకదానికొకటి అంటుకొని, పలుకులు పలుకులుగా కనిపిస్తాయి. రేణువులు మొదటినుంచే ముద్దలు ముద్దలుగా ఉంటే? జబ్బు లేనివారికి కూడా ఉన్నట్లు కనిపించవచ్చు! అందుకే రేణువులు సమానంగా ఉండాలి.

రేణువు ఎలా పుడుతుంది?

స్టైరీన్ అనే ద్రవాన్ని తీసుకుందాం. ఇది నూనెలాగా నీటిలో దాదాపు కరగదు. సబ్బు నీటిలో వేసి బాగా కలిపితే చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది. ఇలాంటి మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు. పాలు కూడా ఒక ఎమల్షనే. ఈ నీటిలో సబ్బు అణువులు గుంపుకూడి మైసెల్‌లు అనే అతి చిన్న ఉండలుగా కూడా ఏర్పడతాయి. కొంత స్టైరీన్ వీటిలోకి చేరుతుంది.

దీనికి పొటాషియం పర్‌సల్ఫేట్ కలిపి సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేస్తారు. వేడికి పర్‌సల్ఫేట్ అయాన్ రెండు ముక్కలవుతుంది. వీటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. ఒక రాడికల్ ఒక స్టైరీన్ అణువును పట్టుకుంటుంది. దానికి ఇంకొకటి, దానికి మరొకటి చేరి పొడవైన గొలుసు తయారవుతుంది. ఇలా పెరిగే గొలుసు మైసెల్‌లో ప్రవేశిస్తే అక్కడ ఒక రేణువు పుట్టినట్టే.

రేణువులు పెరిగేకొద్దీ వాటి ఉపరితలాన్ని కప్పడానికే సబ్బంతా ఖర్చయి, మైసెల్‌లు మాయమవుతాయి. ఇక కొత్తవి పుట్టవు. పుట్టినవే పెరుగుతాయి. పుట్టే కాలం పొట్టిగా, పెరిగే కాలం పొడవుగా ఉంటే రేణువులు సమానంగా వస్తాయి. ఇదే అసలు రహస్యం.

ఉష్ణోగ్రత పాత్ర

పర్‌సల్ఫేట్ విడిపోయే వేగం 60 డిగ్రీల దగ్గరకంటే 70 డిగ్రీల దగ్గర మూడు, నాలుగు రెట్లు ఎక్కువ. వేడి తగ్గితే రాడికల్స్ తక్కువై, రేణువులు పుట్టే కాలం సాగిపోతుంది. వేడి పెరిగితే ఎక్కువ రేణువులు పుట్టి, ఒక్కొక్కదాని వాటాకు స్టైరీన్ తగ్గి, అన్నీ చిన్నవవుతాయి. చర్య మధ్యలో వేడి హెచ్చుతగ్గులైతే ఆలస్యంగా కొత్త రేణువులు పుట్టే అవకాశముంది. ఆలస్యంగా చల్లిన విత్తనాలన్నమాట!

మరి పొయ్యి మంటను సరిచేస్తే చాలదా? చాలదు. ఈ చర్యే వేడిని పుట్టిస్తుంది. ఒక గ్రాము స్టైరీన్ గొలుసుగా మారితే సుమారు 160 కెలోరీలు వెలువడతాయి. 80 గ్రాముల నీటిలో 20 గ్రాముల స్టైరీన్ ఉందనుకోండి. మొత్తం 3200 కెలోరీలు. ఈ మిశ్రమం ఒక డిగ్రీ వేడెక్కడానికి నీటికి 80, స్టైరీన్‌కు సుమారు 9, మొత్తం 89 కెలోరీలు కావాలి. 3200ను 89తో భాగిస్తే దాదాపు 36. అంటే వేడి బయటికి పోకపోతే 70 డిగ్రీల మిశ్రమం 100 దాటబోయి మరిగిపోతుంది!

అందుకే పాత్రకు రెండు గోడలు కట్టి, మధ్యలో నీటిని ప్రవహింపజేస్తారు. మొదట అది వేడినిస్తుంది, తర్వాత వేడిని లాగేస్తుంది. స్టైరీన్‌ను ఒక్కసారిగా పోయకుండా కొద్దికొద్దిగా అందించడం మరో ఉపాయం.

అంతరిక్షంలో పూసలు

పెద్ద రేణువులు కావాలంటే సమానమైన చిన్న రేణువులనే విత్తనాలుగా వాడి, వాటికి మళ్లీ స్టైరీన్ అందిస్తారు. కానీ కొన్ని మైక్రోమీటర్లకు పెరిగేసరికి గురుత్వాకర్షణ అడ్డుతగులుతుంది. స్టైరీన్ పీల్చి తేలికైనప్పుడు రేణువులు పైకి తేలతాయి, గట్టిపడ్డాక అడుగుకు దిగుతాయి. గట్టిగా కలిపితే అంటుకుపోతాయి. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వాండర్‌హాఫ్ బృందం 1982, 1983లలో స్పేస్ షటిల్‌లో, 70 డిగ్రీల వద్ద ఈ చర్య జరిపించింది. అక్కడ తయారైన సుమారు 10 మైక్రోమీటర్ల పూసలను 1985లో అమెరికా కొలతల సంస్థ సూక్ష్మదర్శినులను సరిచూసే ప్రమాణంగా అమ్మకానికి పెట్టింది. అంతరిక్షంలో తయారై అమ్మకానికి వచ్చిన మొదటి వస్తువు ఇదే.

ఆలోచించండి

1. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపు చేస్తే లోపలి మిశ్రమం ఎన్ని రెట్లవుతుంది? వేడి బయటికి పోయే గోడల వైశాల్యం ఎన్ని రెట్లవుతుంది? దీన్నిబట్టి గాజు కుప్పెలో కుదిరిన చర్య ఫ్యాక్టరీ తొట్టిలో ఎందుకు అదుపు తప్పుతుందో చెప్పగలరా?

2. 60 గ్రాముల నీటిలో 40 గ్రాముల స్టైరీన్ ఉంటే ఉష్ణోగ్రత ఎంత పెరగగలదు?

కాగితం మీద లెక్క చేసి చూడండి. స్టైరీన్ ఆవిరి హానికరం, త్వరగా అంటుకుంటుంది కూడా. కనుక ఈ ప్రయోగాన్ని మాత్రం ఇంట్లో తలపెట్టకండి.