హిమము, ఫాంటము: నానవేయుటలోని మర్మము

ఇంటివైద్యంలో చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. ధనియాలు కానివ్వండి, తులసి కానివ్వండి, వట్టివేరు కానివ్వండి, ఏ మూలిక దొరికినా గిన్నెలో వేసి పొయ్యి మీద సలసల కాచుతారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ వాసన చూచి మందు చక్కగా తయారైనదని సంతోషిస్తారు. కాని ఇల్లంతా వ్యాపించిన ఆ పరిమళమే మందులోని ముఖ్యభాగము. అది గాలిలో కలిసిపోయిన తరువాత గిన్నెలో మిగిలినది రోగికి ఎంతవరకు ఉపకరిస్తుంది?

కాచవలసిన ద్రవ్యమేది, నానవేయవలసిన ద్రవ్యమేది అన్న వివేకం మన పూర్వులకు ఉండేది. ఆ విషయమే ఈ పాఠంలో తెలుసుకుందాము.

పంచవిధ కషాయములు

మూలికలోని సారమును గ్రహించుటకు ఆయుర్వేదం ఐదు విధానాలను చెప్పినది. పచ్చి ఆకును దంచి పిండినది స్వరసము. మెత్తగా నూరిన ముద్ద కల్కము. నీటితో కాచి దింపినది క్వాథము. చల్లని నీటిలో రాత్రంతా నానవేసినది హిమము. దీనినే శీతకషాయమనీ అంటారు. వేడినీటిలో కొద్దిసేపు నాననిచ్చి వడియగట్టినది ఫాంటము. ఈ వరుసలో ముందున్నవి బలమైనవి, గురువైనవి; పోను పోను లఘువైనవి. వ్యాధి బలమును, రోగి బలమును చూచి వీటిలో తగినదానిని ఎన్నుకొనవలెనని చరకసంహిత బోధిస్తున్నది.

నానవేయుట అంటే కేవలం తడుపుట కాదు. ద్రవ్యంలోని గుణము నీటిలోనికి తానుగా దిగుటకు తగిన కాలము ఇచ్చుట. క్వాథంలో అగ్ని చేసే పనిని హిమంలో కాలము చేస్తుంది.

ఎందుకు కాచరాదు?

ధనియాలలో, తులసిలో, వట్టివేరులో, గులాబీ రేకులలో సుగంధ తైలం ఉంటుంది. ఇది వేడికి ఆవిరితో కలిసి లేచిపోయే స్వభావం కలది. పన్నీరు తయారుచేసేవారు గులాబీలను నీటితో కాచి, ఆ ఆవిరిని పట్టి చల్లార్చుటలోని రహస్యం ఇదే. వారు ఆవిరిని పట్టుకుంటారు. మనము మూతలేని గిన్నెలో కాచి దానిని వదిలివేస్తున్నాము.

రెండవ కారణము కూడా ఉన్నది. ఎక్కువసేపు కాచినప్పుడు వగరు, చేదు పదార్థాలు అధికంగా దిగుతాయి. టీపొడిని చాలాసేపు మరిగిస్తే నాలుక పిడచకట్టే వగరు వచ్చుట అందరికీ అనుభవమే. ఫిల్టరులోని కాఫీపొడిపై వేడినీరు పోసి, మూతపెట్టి, నెమ్మదిగా దిగనిస్తే కమ్మని వాసన నిలుస్తుంది. దానిని మనం డికాక్షన్ అంటున్నాము గాని, తయారీ విధానమును బట్టి అది క్వాథము కాదు, ఫాంటమునకు దగ్గరిది.

వేడి గుణమును చెరుపగలదనుటకు చైనా దేశంలో గొప్ప నిదర్శనము ఉన్నది. 4వ శతాబ్దపు వైద్యుడు గే హాంగ్, చలిజ్వరమునకు చింగ్‌హావ్ అనే మొక్కను పిడికెడు తీసుకుని నీటిలో నానవేసి, పిండిన రసమును త్రాగమని వ్రాసినాడు. మలేరియా మందుకై పరిశోధన చేస్తున్న తూ యుయు ఈ వాక్యమును చదివి, కాచుట వలననే గుణము నశించుచున్నదేమోనని యోచించినారు. తక్కువ వేడికే మరిగే ఈథర్ ద్రవంతో 1971లో సారము తీయగా అది ఫలించినది. అదే ఆర్టిమిసినిన్. ఇందుకు ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించినది. అయితే ఆకు నానిన నీటితో మలేరియా తగ్గునని ఎవరూ భ్రమపడరాదు. దానికి వైద్యుడిచ్చే మందులే శరణ్యము.

ధాన్యక హిమము

హిమమునకు ఒక పాలు ద్రవ్యము, ఆరు పాళ్ళు నీరు అని శార్ఙ్గధరసంహిత కొలత చెప్పినది. 10 గ్రాముల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, కాచి చల్లార్చిన 60 మి.లీ. నీటిలో రాత్రి నానవేసి మూతపెట్టవలెను. ఉదయం పలుచని గుడ్డలో వడియగట్టి, కొద్దిగా చక్కెర గాని పటికబెల్లం గాని కలిపి త్రాగవలెను. లోపలి మంటకు, అతిదాహమునకు దీనిని ఆ గ్రంథం విధించినది. వేసవిలో మన ఇళ్ళకు ఇది ఎంతో అనువైనది. మధుమేహం కలవారు తీపి కలుపరాదు.

ఫాంటము చేయు విధము

దీనికి ఒక పాలు చూర్ణము, నాలుగు పాళ్ళు వేడినీరు. నీరు మరిగిన తరువాత పొయ్యి మీద నుండి దింపి, అప్పుడే చూర్ణము వేసి వెంటనే మూతపెట్టవలెను. గోరువెచ్చనైన పిదప వడియగట్టి త్రాగవలెను. పువ్వులకు, లేత ఆకులకు, సువాసన గల ద్రవ్యాలకు ఇది తగిన పద్ధతి. ఇప్పపువ్వు, చందనం, ద్రాక్ష మొదలైనవి చేరిన మధూకాది ఫాంటము శాస్త్రప్రసిద్ధము.

గట్టి వేళ్ళు, బెరడులు, కాయలు మాత్రం నానినంతనే లొంగవు. వాటికి పదహారు పాళ్ళ నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచిన క్వాథమే తగును.

తప్పక పాటించవలసినవి

అగ్ని తగలని మందులో క్రిములు నశించవు. కనుక హిమమునకు కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. ద్రవ్యమును ముందుగా శుభ్రపరచవలెను. ఏ పూటకాపూట చేసుకొనవలెను. మిగిలినది మరునాటికి ఉంచరాదు. పులిసిన వాసన, జిగురు కనిపిస్తే పారవేయవలెను. ఇత్తడి, రాగి పాత్రలు వద్దు. గాజు, పింగాణి, స్టీలు మేలు.

జలుబు, కఫము, మందాగ్ని ఉన్నవారికి హిమము సరిపడదు. గర్భిణులు, నిత్యం మందులు వాడేవారు వైద్యుని అడిగి తీసుకొనవలెను. మంటతో పాటు జ్వరం ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా ఇంటివైద్యంతో కాలయాపన చేయరాదు.

ఇకమీదట మూలికను చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకసారి నలిపి వాసన చూడండి. పరిమళము గుప్పుమంటే పొయ్యి ఆర్పి మూత వెదకండి.