గర్భిణీ స్త్రీలు – రక్తహీనత: ఇంటివారి ప్రశ్నలకు జవాబులు

రాయవరం చుట్టుప్రక్కల ఊళ్ళ నుండి గర్భిణీ స్త్రీలను పరీక్షకు తీసుకువచ్చే అత్తగార్లు, తల్లులు, భర్తలు తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. దయచేసి ఇంట్లో అందరూ చదవండి, చదువురాని పెద్దలకు చదివి వినిపించండి.

ప్రశ్న: అమ్మాయి బాగానే తిరుగుతోంది. రక్తం తక్కువని ఎలా చెబుతారు?
జవాబు: చూపుతో చెప్పలేము. రక్తపరీక్ష చేయాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే చాలా ప్రమాదం. కాన్పులో ప్రతి తల్లికీ కొంత రక్తం పోతుంది. రక్తం బాగా ఉన్న తల్లి దానిని తట్టుకుంటుంది. తక్కువున్న తల్లికి ఆ కొంచెమే ప్రాణం మీదకు తేవచ్చు. ఆయాసం, నీరసం, మట్టి గాని బలపం గాని తినాలనిపించడం ఉంటే వెంటనే పరీక్ష చేయించండి.

ప్రశ్న: ఐరన్ బిళ్ళలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందా?
జవాబు: పుట్టదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుండి వస్తుంది. బిళ్ళల వలన నల్లబడేది విరేచనం మాత్రమే. దానికి భయపడి మానవద్దు.

ప్రశ్న: ఎన్నాళ్ళు వాడాలి? వికారం పెడితే?
జవాబు: నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు. రక్తం తక్కువుంటే డాక్టరుగారు మోతాదు పెంచుతారు. వికారంగా ఉంటే రాత్రి భోజనం తరువాత నిమ్మరసంతో వేసుకోవచ్చు. టీ, కాఫీ, పాలతో వేసుకోకూడదు. కాల్షియం బిళ్ళకు, దీనికి రెండు గంటల తేడా ఉండాలి.

ప్రశ్న: ఆ బిళ్ళలో ఏముంటుంది?
జవాబు: ఇనుము, ఫోలిక్ ఆమ్లం. రెండూ రక్తం తయారీకి కావాలి. గోదావరి అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. మన ప్రాంతపు బిడ్డ శ్రమ ఫలితాన్ని మన ఆడపిల్లలు చెత్తలో పారవేయడం తగునా?

ప్రశ్న: ఏమి పెట్టాలి?
జవాబు: తోటకూర, మునగాకు, పప్పు, రాగులు, గుడ్డు, చిన్న చేపలు, జామకాయ. ఖరీదైనవి అవసరం లేదు. అయితే చాలా ఇళ్ళలో కోడలు అందరి తరువాత, గిన్నె అడుగున మిగిలినది తింటుంది. కావున ఈ నెలల్లో ఆమెకే ముందు వడ్డించండి. బాలింతకు కూడా పథ్యం పేరుతో కూర, నీళ్ళు తగ్గించవద్దు.

ప్రశ్న: మొదటి కాన్పుకు పుట్టింటికి పంపుతున్నాము. ఏమి జాగ్రత్త?
జవాబు: సారెతో పాటు పరీక్షల కార్డు, మిగిలిన బిళ్ళలు తప్పక పంపండి. ఆమె బ్లడ్ గ్రూపు రెండు ఇళ్ళవారికీ తెలియాలి. అక్కడి ఆశా కార్యకర్తకు కబురు చేయండి. రక్తం ఇవ్వగలవారిని ముందే చూసుకోండి.

ప్రశ్న: ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?
జవాబు: రక్తం పోవడం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, కడుపులో కదలిక తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారనిద్దామనుకోవద్దు. మన రాష్ట్రంలో 2005 నుండి 108 వాహనం ఉంది. వెంటనే ఫోను చేయండి.

బిళ్ళ మింగవలసినది తల్లే అయినా, అది మింగిందో లేదో రోజూ అడగవలసిన బాధ్యత ఇంటివారందరిదీ.