పండగ శుభాకాంక్షలు, లౌకిక రాజ్యం

ప్రశ్న: ముఖ్యమంత్రులు బోనాలకు పట్టువస్త్రాలు సమర్పిస్తారు, రంజాన్‌కు ఇఫ్తార్ విందులిస్తారు, క్రిస్మస్‌కు కేక్ కోస్తారు. లౌకిక రాజ్యంలో ఇది సబబేనా?

జవాబు: సబబే. పదవిలో ఉన్నంత మాత్రాన నాయకుడికి 25వ అధికరణం ఇచ్చిన మతస్వేచ్ఛ పోదు. ఈ తగవు పాతదే. 1951లో సోమనాథ్ ఆలయ ప్రతిష్ఠకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వెళ్లడం ప్రధాని నెహ్రూకు నచ్చలేదు. అయినా రాజేంద్రప్రసాద్ వెళ్లారు.

చిక్కంతా ఖజానాతోనే. ఏదో ఒక మతాన్ని పెంచడానికే కేటాయించిన పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదంటుంది 27వ అధికరణం. అయితే వసూలైన పన్నులో గణనీయ భాగం ఒక మతానికి వెళ్తేనే ఉల్లంఘన అవుతుందని 2011లో హజ్ సబ్సిడీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లెక్కన పట్టుచీరా, ఇఫ్తార్ విందూ గీత దాటవు. (విందులో ఫొటోగ్రాఫర్ల హడావుడి వేరే సంగతి.)

నన్నడిగితే, నాయకుడు ఎవరికి శుభాకాంక్షలు చెప్పాడన్నది కాదు, ఎవరిని వదిలేశాడో చూడాలి. ఒక పండగకు నిలువెత్తు ఫ్లెక్సీలు, ఇంకో పండగకు మౌనం అయితే అది భక్తి కాదు, ఓట్ల లెక్క. ఇక మతం పేరుతో ఓటడిగితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్యే. ఎన్నికే రద్దు కావచ్చు.