ఉత్తుత్తి చూలు

ప్రశ్న: మా ఆడకుక్కకు ఏడాదిన్నర. ఎద ముగిసి రెండు నెలలైంది, మగకుక్కతో కలవలేదు. అయినా పాలు వస్తున్నాయి. పాత దుప్పటి గీరి గూడు చేసుకుని, రబ్బరు బొమ్మను పిల్లలా కాస్తోంది. ఒక ఈత ఈనితే సర్దుకుంటుందంటున్నారు. నిజమేనా?
– పాఠకురాలు, మదనపల్లె

జవాబు: ఇది జబ్బు కాదమ్మా, ఉత్తుత్తి చూలు. పుంగనూరు ఆవైనా మరే ఆవైనా చూలు కట్టకపోతే సుమారు 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. కుక్క తీరు వేరు. మగదానితో కలిసినా కలవకపోయినా, ఎద తర్వాత దాదాపు రెండు నెలలు చూలు నిలిపే హార్మోను దాని ఒంట్లో ఊరుతూనే ఉంటుంది. అది తగ్గేసరికి పాలు దింపే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఆ గూడు, బొమ్మ మీద ఆ మమకారం దాని వల్లే. ఈనిన కుక్కలకూ తర్వాతి ఎదల్లో ఇది రావచ్చు కాబట్టి, ఈత దీనికి మందు కాదు.

చాలావాటికి రెండు మూడు వారాల్లో అదే తగ్గిపోతుంది. ఈలోగా రొమ్ములు పిండకండి, నూనె రాయకండి, కాపడం పెట్టకండి. తాకినకొద్దీ పాలు పడతాయి. అదే నాక్కుంటుంటే మెడకు కోన్ కట్టండి. పాలు ఎండాలని నీళ్లు ఆపమంటారు కొందరు, అది ప్రమాదం. బొమ్మను ఎదురుగా లాక్కుంటే కరవొచ్చు. షికారుకు తీసుకెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లు తీసేయాలి. ఇక పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి తీసే ఆపరేషన్ మంచిదే, కానీ పాలు పూర్తిగా ఎండాకే. ఇప్పుడే చేయిస్తే ఈ లక్షణాలు నెలల తరబడి సాగొచ్చు.

మూడు వారాలు దాటినా తగ్గకపోయినా, మగకుక్క కలిసిందన్న అనుమానమున్నా డాక్టరుకు చూపించండి. రొమ్ము ఎర్రగా, గట్టిగా, వేడిగా మారినా, విపరీతమైన దాహం, వాంతులు, చెడువాసనతో స్రావం కనిపించినా ఆ రోజే పశువైద్యశాలకు తీసుకెళ్లండి. గర్భసంచిలో చీము పట్టేది కూడా ఈ వారాల్లోనే. స్కానింగ్ అవసరమైతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.