సందేహాలు – సమాధానాలు: అద్దె ఇల్లు, కొత్త ఆలోచన

సందేహం: ముగ్గురు స్నేహితులం కలిసి జీడిపిక్కల పెంకు తీసే యంత్రం తయారుచేస్తున్నాం. హైదరాబాద్ వెళితేనే పైకొస్తారని అందరూ అంటున్నారు. అక్కడి అద్దెలకు భయపడుతున్నాం. ఏం చేయమంటారు?
– ఒక ఇంజినీరు, పలాస

సమాధానం: పలాసలోనే ఉండండి. కొత్త వస్తువు చేసేవాళ్లకు ముందు కావలసింది వ్యవధి. మొదటి నమూనా పాడవుతుంది, రెండోది మొరాయిస్తుంది. ఆ నెలల్లో రాబడి ఉండదు, అద్దె మాత్రం ఆగదు. ఆ బరువు మోయలేకే చాలామంది ప్రయోగం వదిలేసి ఉద్యోగంలో చేరిపోతారు. హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు స్నేహితులు 1939లో తమ హెచ్‌పీ కంపెనీ పెట్టింది అమెరికాలోని పాలో ఆల్టోలో ఒక అద్దె ఇంటి కారు షెడ్డులో. ఇప్పుడు ఆ దేశంలో ఇళ్లు బాగా ఖరీదైన ఊళ్లలో అదొకటి, అలాంటి షెడ్డు కొత్తవాళ్లకు అందడం కష్టం. న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో వంటి నగరాలు కొత్త ఇళ్లు కట్టనివ్వక పనిమంతుల్ని దూరంగా ఉంచాయని, దానివల్ల దేశమంతా నష్టపోయిందని షియే, మొరెట్టి అనే ఆర్థికవేత్తలు 2019లో వాదించారు.

మీకు ఇంకో బలముంది. పలాస–కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలు మీ గుమ్మం ముందే ఉన్నాయి. పిక్క ఎక్కడ దెబ్బ తింటే పప్పు విరుగుతుందో చెప్పగల ఆడవాళ్లు వాటిలో పనిచేస్తున్నారు. ముందు వాళ్లకు మీ యంత్రం చూపించండి. అయితే అద్దె తక్కువైనంత మాత్రాన అన్నీ సమకూరవు. లోపాలు పట్టి చూపే నిపుణులు, పెట్టుబడి పెట్టేవాళ్లు నగరాల్లోనే ఎక్కువ. అప్పుడప్పుడూ విశాఖ రైలెక్కి వాళ్లను కలవండి. కొత్త కంపెనీలకు ఊతమిచ్చే హైదరాబాద్ టీ-హబ్ సంగతి యంత్రం సరిగ్గా తిరిగాక ఆలోచించవచ్చు.

సందేహం: భోగాపురం విమానాశ్రయం వల్ల మా వైపు స్థలాల ధరలు బాగా పెరిగాయి. ఊరు బాగుపడుతున్నట్టే కదా?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

సమాధానం: స్థలమున్నవాళ్లకు బాగే. అద్దెకుండేవాళ్లకు కాదు. 1919లో మీ ఊళ్లో వెలసిన సంగీత కళాశాలనే చూడండి. చేతి ఉంగరం అమ్ముకుని అక్కడికి చేరిన ఘంటసాలకు తలదాచుకునే చోటు లేకపోయింది. ఆ కళాశాల అధ్యాపకులు పట్రాయని సీతారామశాస్త్రి గారు తన ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. అన్నం మధూకరంతో గడిచింది. ఆ గురువు ఇల్లు దొరక్కపోతే ఆ కుర్రవాడు తిరిగి వెళ్లిపోయేవాడేమో! ప్రతిభ ఉన్న ప్రతివాడికీ అలాంటి గురువు దొరకడు. అందుకే భరించగల అద్దెకు గదులుండాలి.

రాళ్లు పాతి, ధర పెరిగేదాకా ఖాళీగా వదిలేసిన లేఅవుట్లలో ఎవరూ కాపురముండరు. ధరలు మాత్రం పెరుగుతుంటాయి, దాంతో అద్దెలూ పెరుగుతాయి. పొందూరులో గుంట మగ్గమైనా, గొల్లపల్లిలో బొబ్బిలి వీణ చెక్కే పనైనా ఇంట్లోనే సాగుతుంది. అద్దె భరించలేక ఇల్లు కదిలితే పనీ ఆగుతుంది. పురపాలక సంఘాలు జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం వంటి సంస్థల చుట్టుపక్కల చిన్న అద్దె గదులకు త్వరగా అనుమతులివ్వాలి. మీ చేతిలో నాలుగు డబ్బులుంటే రెండో ప్లాటు కొనకండి. మీ డాబా మీద రెండు గదులు వేసి, చదువుకునే పిల్లలకు అందుబాటు అద్దెకివ్వండి.