గీతకు అటూ ఇటూ ఒకే పాట

మాది తడ. తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణాన కొంచెం దూరం పోతే బోర్డులన్నీ తమిళంలోకి మారిపోతాయి. చేపల అంగడి దగ్గర బేరం తెలుగులో మొదలై తమిళంలో తెగుతుంది. అందుకే పాత సినిమా పాటల మీద రాయమన్నప్పుడు ఘంటసాల గొప్పా, బాలు గొప్పా అనే పంచాయితీ జోలికి పోబుద్ధి కాలేదు. నా ప్రశ్న వేరే: రాష్ట్రాలు విడిపోయాక కూడా పాట ఎందుకు విడిపోలేదు? సగం జవాబు మన సిలబస్‌లోనే ఉంది మిత్రులారా.

మూడు నిమిషాల కొలత

నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. నాటకంలో పద్యం పాడేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. జనం వన్స్‌మోర్ అంటే రాగం ఎంతసేపైనా సాగేది. రికార్డు మీద ఆ ఆటలు సాగవు. పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో కాస్త వాద్యాలు, అంతే. తర్వాత ఎల్పీ వచ్చింది, క్యాసెట్ వచ్చింది, సీడీ వచ్చింది. జాగా పెరిగినా పాట మాత్రం నాలుగైదు నిమిషాలు దాటడం అరుదే. యంత్రం పోయింది, అది నేర్పిన కొలత మిగిలింది.

గాలికి చెక్‌పోస్టు లేదు

1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి.కేస్కర్ సినిమా పాటల్ని ఆకాశవాణిలో బాగా తగ్గించారు. శ్రోతలేమో రేడియో సిలోన్ వైపు తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల కోసం కొలంబోలో నెలకొల్పిన ప్రసార కేంద్రమే తర్వాత దానికి పునాది అయింది. షార్ట్‌వేవ్ తరంగం అయనోస్ఫియర్‌కి తగిలి దూరదేశంలో దిగుతుంది, దానికి వీసా అక్కర్లేదు. మీనాక్షి పొన్నుదురై గొంతులో అక్కడి నుంచి వచ్చిన తెలుగు పాటల కార్యక్రమాలను ఒక తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది.

మీడియం వేవ్ కథ ఇంకోటి. పగలు అది నేలను అంటిపెట్టుకుని పోతుంది. పొడి నేల మీద త్వరగా నీరసపడుతుంది, ఉప్పునీటి మీద అయితే దూరం పోతుంది. తీరం వెంబడి ఊళ్లకు మద్రాసు కేంద్రం దగ్గరి చుట్టం అయిందంటే అందులో ఈ భౌతికశాస్త్రం కూడా ఉంది.

మా అవ్వకు తమిళం చదవడం రాదు. టి.ఎం.సౌందరరాజన్ పాట వస్తే మాత్రం చివరిదాకా కలిసి పాడుతుంది. అర్థం ఎట్లా తెలిసిందవ్వా అంటే, "ముందు రాగం వచ్చిందిరా, మాట దాని వెనకాల వచ్చింది" అంది. భాష నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఏ యాప్‌లోనూ కనబడలేదు.

ఒకే నగరం

పొట్టి శ్రీరాములు గారు మద్రాసులోనే నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 2022లో తిరుపతి జిల్లాలో కలిసేదాకా మా తడ ఉన్న నెల్లూరు జిల్లాకు ఆయన పేరే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు అటే ఉండిపోయింది. 1960 ఏప్రిల్ 1న మళ్లీ సర్దుబాటు జరిగి తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది.

అదే నగరంలో, అవే ఏళ్లలో, రికార్డింగ్ థియేటర్లు మాత్రం రెండు భాషలకూ తలుపులు తెరిచే ఉంచాయి. విజయనగరం సుశీల, కాకినాడ పి.బి.శ్రీనివాస్ తమిళుల ఇంటి గొంతులయ్యారు. తమిళురాలు ఎల్.ఆర్.ఈశ్వరి మన కుర్రకారును ఊపేసింది. 1978లో బాలచందర్ తీసిన, ఎం.ఎస్.విశ్వనాథన్ సంగీతం ఇచ్చిన 'మరో చరిత్ర' మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. అనంతపురంలో ఇంజనీరింగ్ మధ్యలో ఆపేసిన నెల్లూరు కుర్రాడు బాలు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగింట్లోనూ జాతీయ అవార్డులు తెచ్చుకున్నారు. చివరికి తమిళనాడులోని తామరైపాక్కం మట్టిలో నిద్రపోయారు.

పాట ఆ గొడవల్ని మాన్పిందని నేననను. భాష కోసం ఒక మనిషి చనిపోవడం నిజం, ఆ భాషలు రెండూ ఒకే మైకు ముందు నిలబడటమూ నిజం. రెండూ గుర్తుంటేనే మన చరిత్ర పూర్తవుతుంది.

ఇదంతా ఎందుకంటే, హాస్టల్లో నా యాస విని "నువ్వు అరవోడివా?" అని అడిగేవాళ్లున్నారు. సరదాకే అనుకోండి. కానీ అలా అడిగినవాళ్ల ఫోన్లో అచ్చ తెలుగు ఆణిముత్యాలని దాచుకున్న పాటల్లో చాలా వాటికి బాణీ కట్టింది, వీణ మీటింది, తబలా వాయించింది ఎవరో, వాళ్ల ఇంటిభాష ఏమిటో ఒక్కసారి చూడండి. మా ఊరి యాసలాంటి కలగలుపు లోంచే ఆ స్వచ్ఛత పుట్టింది.

ఒక చిన్న పని చెబుతాను. ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లను ఒక పాట పాడమని రికార్డు చేయండి. పాటతో పాటు అది ఎవరింటి రేడియోలో, ఏ స్టేషన్లో, ఏ వేళ విన్నారో కూడా అడగండి. పాటలన్నీ నెట్‌లో దొరుకుతాయి. విన్నవాళ్ల కథ వాళ్ల దగ్గర మాత్రమే ఉంది.